జట్టు ఆగే చోటు

3 జూలై, గురువారం. విజయనగరం

లాడ్జి గది, మూడో అంతస్తు. కిటికీ తీస్తే ఆర్టీసీ కాంప్లెక్స్ బస్సుల హారన్లు, మూస్తే ఉక్క. కింద ఫ్యాన్సీ షాపులో ఈ నోటుబుక్కు కొన్నాను. పదో తరగతి తర్వాత చేత్తో ఇంత తెలుగు రాయడం ఇదే మొదలు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి.

ఆఫీసులో వైరల్ జ్వరం అని చెప్పాను. ఇంట్లో యమునకి సైట్ విజిట్ అని చెప్పాను. ఇద్దరికీ ఒకే అబద్ధం చెప్పి ఉంటే గుర్తుపెట్టుకోవడం తేలికయ్యేది.

ఇక్కడి నుంచి మా ఊరికి ప్యాసింజరు బండిలో గంటన్నర. ఆమదాలవలసలో దిగి ఆటో ఎక్కితే పావుగంట. తవిటమ్మత్తని చూడాలనే సిటీలో బయల్దేరాను. టికెట్టు కూడా ఆమదాలవలసకే తీసుకున్నాను. బండి విజయనగరంలో ఆగేసరికి ఒంట్లో నలతగా అనిపించి దిగిపోయాను. నిన్న పొద్దున్న సంగతి ఇది. ఇవాళ నలత లేదు. ఇక్కడే ఉన్నాను.

ఒకటి మాత్రం ముందే రాసి పెట్టుకుంటాను. జూన్ పన్నెండున సిటీలో కూడలి మెట్రో స్టేషన్‌లో జరిగినదానికి నేను కారణం కాదు. ఎస్కలేటర్ల వెడల్పు నిబంధన ప్రకారమే ఉంది. వాటి అడుగున వదిలిన ఖాళీ నిబంధన కంటే అరమీటరు ఎక్కువే ఉంది. పదకొండు మంది ఒకరి మీద ఒకరు పడ్డారు. అందులో తుంటి విరిగిన ఆవిడ మా మేనత్త కావడం కేవలం కాకతాళీయం.

ఎవరూ అడక్కుండానే ఇదంతా రాస్తున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది.

4 జూలై

వెళ్ళలేదు. వాన.

వాన పదకొండింటికే తగ్గింది.

5 జూలై, శనివారం

నా ఉద్యోగం ఏమిటో యమున వాళ్ళ నాన్నగారికి ఐదేళ్ళయినా బోధపడలేదు. భూమి కింద రెండు రైలు లైన్లు ఒకదాని మీదుగా ఒకటి పోయేచోట, ఒక బండి దిగిన మనిషి రెండో బండి ఎక్కేదాకా నడిచే దారి నేను గీస్తాను. ఎక్కడ మలుపు, ఎక్కడ మెట్లు, ఎంత వెడల్పు, ఎన్ని అడుగులు. మంచి దారిలో మనిషికి తాను నడుస్తున్నానన్న సంగతే గుర్తు రాకూడదు. ఇంట్లో గొడవో, పిల్లల ఫీజో ఆలోచించుకుంటూ వెళ్ళిపోవాలి. ఈ పని అంటే నాకు చాలా ఇష్టం. ఈ ఒక్కమాటా అబద్ధం కాదు.

కూడలిలో ఒకటో లైను పైన, మూడో లైను పద్నాలుగు మీటర్ల కింద. మధ్యలో ఎనభై నాలుగు మీటర్ల నడక దారి, దాని చివర కిందికి దిగే మూడు ఎస్కలేటర్లు. నా మొదటి డ్రాయింగులో ఆ ఎస్కలేటర్ల అడుగున, ఎడమ గోడలోకి, పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల లోతు ఒక ఖాళీ ఉండేది. వీధరుగు లాంటిదనుకో. నడిచేవాళ్ళకి అడ్డం లేకుండా ఆగవలసినవాళ్ళు పక్కకి ఆగడానికి.

ఆఖరి డ్రాయింగులో అది లేదు. దాని స్థానంలో కాఫీ కొట్టు వచ్చింది. అంత చోటు ఎందుకో లెక్కలు చూపించమన్నారు. మేం పాత స్టేషన్ మెట్ల దగ్గర కెమెరాలు పెట్టి తీసిన వీడియోల్లో జనం గుంపుగా ఆగిన సందర్భాలు నాలుగే దొరికాయి. నాలుగూ అసాధారణ ప్రవర్తన కింద లెక్కలోంచి తీసేయాలని మీటింగులో నిర్ణయం జరిగింది. అది అందరం కలిసి తీసుకున్న నిర్ణయం.

రేపు వెళ్తాను.

6 జూలై, ఆదివారం

వెళ్ళాను.

నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు, దూసి. ప్రతి స్టేషన్లోనూ దిగిపోదామనిపించింది. ఆమదాలవలసలో అరడజను బత్తాయిలు కొన్నాను, మళ్ళీ తక్కువేమోనని ఇంకో అరడజను.

అత్త వసారాలో మంచం మీద ఉంది. పక్కన ఆస్పత్రివాళ్ళిచ్చిన నాలుగు కాళ్ళ ఊతకర్ర, దాని మీద తువ్వాలు ఆరేసి ఉంది. నా అడుగుల చప్పుడుకే తల తిప్పింది.

"ఎవురూ, రమేసేనేటి? సిక్కిపోనావురా. కూకో."

"ఎలాగున్నావత్తా?"

"ఎలాగుంటాను. ఎముకలో సీల కొట్టినారు, కొట్టి లేసి నడవమంటన్నారు. నడవకపోతే తిడతన్నారు. మీ అమ్మ ఉంటే నవ్వేది."

ఇంటికి వచ్చి ఎన్నేళ్ళయిందని అడగలేదు. నాన్న పోయిన పన్నెండో రోజు వెళ్ళినవాణ్ణి, నాలుగేళ్ళకి వచ్చాను. ఆవిడ అడిగి ఉంటే బాగుండేది. రెడీగా ఒక జవాబు పెట్టుకుని వెళ్ళాను.

ఈశ్వరక్క టీ తెచ్చింది. అత్త కొడుకు దాలయ్య బావ భార్య. నాన్న తర్వాత జట్టుకి మేస్త్రీ బావే. ఏటా ఊళ్ళోంచి పాతికా ముప్పై మందిని సిటీలో కట్టుబడి పనులకి తీసుకెళ్తాడు. టీ గ్లాసు నా చేతికిచ్చి అక్క గుమ్మంలో కూర్చుంది.

"మీ బావ మీద కేసు రాసినారు తమ్ముడూ. దారికడ్డంగా జనాన్ని ఆపీసి పదిమందిని పడగొట్టీసినాడని. పదిహేడో తారీకుని సిటీలో ఎంక్వైరీకి రమ్మన్నారు. ఆ రోజు తప్పు ఈడిదేనని తేల్సీసినారంటే ఇంకేటున్నాది? కేసున్న మేస్త్రీకి పనెవులిస్తారు? ఇప్పుడే జట్టంతటినీ ఇంటికి పంపీసినారు. ముప్పై కొంపలు."

"చూద్దాం అక్కా."

"నువ్వు రైళ్ళ పనే కదా సేస్తావు. నీకు తెలిసినోళ్ళెవులైనా ఉన్నారేటి ఆ స్టేసన్లో?"

టీ వేడిగా ఉందన్నట్టు ఊదుకుంటూ ఉండిపోయాను. అప్పటికి టీ చల్లారిపోయింది.

దెబ్బ తగిలినవాళ్ళంతా ఎలా పడ్డారో కాగితం మీద రాసి పంపాలట. చదువుకున్నవాణ్ణి నేనున్నానుగా. అత్త చెప్పింది, నేను రాశాను.

"రాయి. రైలోళ్ళ తప్పేటీ లేదు. తప్పు మాదే. మేం కిందకి దిగి అక్కడే నిలబడిపోనాం. ఎనకాల జనం దిగతన్నారని సూసుకోలేదు. మడిసి ఆగినా ఆ మెట్లు ఆగవు కదా, మోసుకొచ్చి మా మీద పడీసినాయి. మా మూలాన పాపం ఎవులో పెద్దింటి పిల్లకి సెయ్యిరిగింది. ఆ పిల్లకి మేం దణ్ణం ఎట్టినామని కూడా రాయి."

"అది అక్కర్లేదత్తా."

"అక్కర్లేదని నీకెవులు సెప్పినారు? రాయి."

రాశాను. చివర ఆవిడ వేలిముద్ర వేసింది. తప్పు మాదే అన్న మాట రాస్తున్నప్పుడు నాకు లోపల ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఎవరూ చూడరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. హాయిగానే అనిపించింది. నేను పోస్టు చేస్తానని కాగితం తీసుకుని వచ్చేశాను.

బావ పొలంలో ఉన్నాడన్నారు. వచ్చేదాకా ఆగలేదు, బండి టైమైపోతోందని.

7 జూలై

కాగితం పోస్టు చేయలేదు. పోస్టాఫీసు తెరిచే ఉంది.

8 జూలై, మంగళవారం

మొన్న రాసింది చదివాను. "మీటింగులో నిర్ణయం జరిగింది." నిర్ణయం దానంతటది జరిగిపోయినట్టు.

ఏం జరిగిందో రాస్తాను. మా టీమ్ హెడ్ మురళీమోహన్ గారు నాలుగో వీడియో ఆపి అడిగారు, "ఎవరయ్యా వీళ్ళు? మెట్లు దిగి ఇలా పాతుకుపోయారేమిటి?" తెర మీద నెత్తిన మూటలతో ముప్పై మంది. ప్లాస్టిక్ బకెట్లు, సిమెంటు మోసే గమేళాలు, బియ్యం సంచులు. ఒకాయన ముందు నిలబడి చెయ్యి ఎత్తి ఏదో అంటున్నాడు. మా టీములో ధర్మేంద్ర అని ఒక కుర్ర ఇంజనీరు ఉన్నాడు, మంచివాడే, "కాపరి కోసం ఆగిన మంద సార్" అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.

మురళీమోహన్ గారు నావైపు తిరిగారు. "నీకేమైనా తెలుసా రమేష్?"

"తెలీదు సార్. ఎప్పుడో ఒకసారి జరిగేది. తీసేయొచ్చు."

ఆ మాట అన్నది నేను. నేనొక్కణ్ణే. కాఫీ కొట్టు అడిగినవాళ్ళు కూడా అప్పటికి ఇంకా గట్టిగా పట్టుబట్టలేదు.

తెర మీద చెయ్యెత్తినవాడు మా బావ కాదు. వేరే ఊరి మేస్త్రీ. కానీ ఆయన ఏమంటున్నాడో శబ్దం లేని వీడియోలో కూడా నాకు వినబడింది. "పై వీధి." ఉన్నాం. "కింది వీధి." ఉన్నాం. "రెల్లి వీధి." ఉన్నాం. ప్రతి మనిషికీ ఒక జంట. తన జంట కనబడితేనే ఉన్నాం అనాలి. ఒక్క వీధి పలక్కపోయినా జట్టు అడుగు వేయదు.

ఇది నాన్న పెట్టిన పద్ధతి. నాన్న, గంగులు మేస్త్రీ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు బడి మాన్పించి ఒక ఏడాది నన్నూ తీసుకెళ్ళాడు, అమ్మకి బాగాలేక. సిటీ స్టేషన్లో పై వంతెన మెట్లు దిగుతుంటే అవతల బండి జనం వచ్చి మా మధ్యలోంచి పోయారు. అటూ ఇటూ చూసుకునేసరికి ఎర్రన్న తాత లేడు. మూడు రోజులు వెతికారు. నాన్న ప్లాట్‌ఫారం ప్లాట్‌ఫారం తిరిగి ఆయన పేరు పెట్టి అరిచాడు. గొంతు పోయి, నాలుగో రోజు పనిలో సైగలు చేశాడు. ఎర్రన్న తాత దొరకలేదు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఇప్పటికీ మా వీధిలోనే ఉంది, ఇప్పటికీ బొట్టు పెట్టుకుంటుంది. అప్పట్నుంచి మెట్లు దిగితే ఆగాలి. చుట్టుపక్కల ఊళ్ళ మేస్త్రీలందరూ అది నేర్చుకున్నారు.

ఇంత తెలిసినవాణ్ణి. తెలుసని చెబితే, ఎలా తెలుసని అడుగుతారు. ఆఫీసులో మా నాన్న కాంట్రాక్టరు. పెళ్ళిసంబంధం మాట్లాడినప్పుడూ కాంట్రాక్టరే. ఆ అరుగు నేను గీసింది ఆయన్ని తలుచుకునే. చెరిపేసింది ఆయన పేరు బయటపడుతుందనే. ఏరు దాటాక తెప్ప తగలేసినవాణ్ణి. తెప్ప మీద ఇంకా మనుషులున్నారు.

9 జూలై, బుధవారం

మళ్ళీ వెళ్ళాను. ఈసారి చేతిలో టేపు ఉంది.

ఆలోచన ఏమిటంటే, జట్టు నిలబడితే ఎంత చోటు పడుతుందో సరిగ్గా కొలిచి ఎంక్వైరీకి పంపితే బావకి మేలు జరుగుతుంది. ఎవరు చెరిపారన్న సంగతితో పని లేదు. లెక్కలు మాట్లాడతాయి. బండిలో కూర్చుని ఇదంతా అనుకుంటుంటే ప్రాణం లేచి వచ్చింది.

సాయంత్రం బడి వదిలాక బావ జట్టుని బడి వాకిట్లోకి పిలిచాడు. ఇరవై ఏడు మంది వచ్చారు. అచ్చంగా బయల్దేరినప్పుడు ఎలా ఉంటారో అలా రమ్మన్నాను. మూటలు కట్టుకుని, బకెట్లు పట్టుకుని వచ్చారు. అప్పలసూరి అనే ముసలాయన గొడుగు కూడా తెచ్చాడు. ఆడవాళ్ళు ఒకటే నవ్వు.

"పెళ్ళికి ఫోటో తీసినట్టున్నాదేటి."

"నవ్వకండొలే, బాబు కొలతన్నాడు."

బడి మెట్లు మూడే. వాటినే ఎస్కలేటర్ అనుకుని దిగమన్నాను. దిగారు, ఆగారు, మూటలు కిందికి దింపారు. బావ ముందు నిలబడి చెయ్యి ఎత్తాడు. నేను టేపు పరిచాను. పొడవు తొమ్మిదిన్నర మీటర్లు. లోతు నాలుగూ ముప్పావు. ఆగిన సమయం ముప్పై ఎనిమిది సెకండ్లు. మళ్ళీ మూడుసార్లు చేయించాను. అంతే వచ్చింది, కాస్త అటూ ఇటూ.

పదీ, ఐదూ గీశాను నేను. ఊరికే చేతికొచ్చినట్టు గీశాననుకున్నాను. అరమీటరుకి మించి తప్పలేదు. అక్కడ నిలబడి కాసేపు చాలా సంతోషంగా ఉన్నాను. నా పని నేను బాగా చేశానన్న సంతోషం. చూడు ఎలాంటి మనిషినో.

బావ వచ్చి టేపు రెండో కొస పట్టుకున్నాడు. చుట్టడానికి సాయం.

"రమేసూ, ఒక మాట సెప్పు. ఆ స్టేసను కట్టకముందు మమ్మల్నిలాగ ఎవులూ కొలవలేదేటి?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. మేస్త్రీ కదా, కట్టే ముందు కొలవకుండా ఎలా కడతారన్నది ఆయన ప్రశ్న. నా కళ్ళలోకి చూస్తున్నాడు. చిన్నప్పుడు జట్టులో నా జంట ఆయనే.

"లేదు బావా" అన్నాను.

"అలగా. మరి తెలీక సేసుంటారులే" అన్నాడు.

10 జూలై, గురువారం

మురళీమోహన్ గారు ఫోన్ చేశారు. జ్వరం తగ్గిందా, డెంగ్యూ కాదు కదా, కొబ్బరినీళ్ళు తాగు. తర్వాత అసలు సంగతి.

"ఎంక్వైరీకి మన నోట్ తయారైంది. ప్రయాణికుల అసాధారణ ప్రవర్తన వల్లే జరిగిందని. నడక లెక్కలకి బాధ్యుడివి నువ్వే కాబట్టి నీ సంతకం ఉండాలి. సోమవారంలోగా పంపు. కంగారు పడాల్సిందేం లేదు, ఆ గ్రూప్ లీడర్ మీద కేసు ఉంది. అది తేలిపోతుంది."

మెయిల్‌లో నోట్ వచ్చింది. చక్కగా రాశారు. అందులో మా అత్త "అరవై నాలుగేళ్ళ మహిళా ప్రయాణికురాలు". బావ "గుంపు నాయకుడు". అసాధారణ ప్రవర్తన అన్న మాట ఆరుసార్లు ఉంది. ఆ మాట పెట్టింది నేనే, మూడేళ్ళ కిందట, ఎక్సెల్ షీట్‌లో ఒక గడికి పేరు కావాలని.

సంతకం పెడితే బావ పని అయిపోయినట్టే. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో చెప్పాలి.

11 జూలై

పెట్టలేదు. పెట్టనని కూడా చెప్పలేదు.

12 జూలై, శనివారం

యమునకి ఫోన్ చేశాను. విజయనగరంలో ఉన్నానని చెప్పాను. సైట్ లేదని చెప్పాను. తను ఏమీ అడక్కముందే నేనే మొదలుపెట్టాను.

"మా నాన్న కాంట్రాక్టరు కాదు. కూలి జట్టుకి మేస్త్రీ."

"తెలుసు" అంది.

"ఎవరు చెప్పారు?"

"పెళ్ళిలో కన్యాదానం అయ్యాక మీ నాన్నగారు నా తల మీద చెయ్యి పెట్టారు. ఆ అరచెయ్యి తగిలితే తెలీదా? సిమెంటు పనిచేసిన చెయ్యది. నువ్వు చెబుతావేమోనని చూశాను. ఐదేళ్ళు చూసి ఊరుకున్నాను."

ఐదేళ్ళుగా దాచానని నేనొక్కణ్ణే అనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. మిగతాది కూడా చెప్పాను. మీటింగు, నవ్వు, అత్త, బడి వాకిట్లో అబద్ధం. యమున ఓదార్చలేదు. "ఇదంతా నాకెందుకు చెబుతున్నావు, చెప్పాల్సినవాళ్ళకి చెప్పకుండా" అంది. ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం ఎంక్వైరీ అధికారికి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. సాయంత్రానికి నాలుగు పేజీలైంది. కొలతలు, పటం, పాత డ్రాయింగు నంబరు, కొత్త డ్రాయింగు నంబరు, చెరిపిన తేదీ. పెద్ద బరువు దిగినట్టుంది.

13 జూలై, ఆదివారం

ఉత్తరం పంపే ముందు అత్తకి చదివి వినిపించాలనుకున్నాను. ఎందుకో నిజంగా తెలీదు. మెచ్చుకుంటుందనుకున్నానేమో.

మంచం పక్కన స్టూలు వేసుకుని చదివాను. ఇంగ్లీషులో రాసింది, తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. "శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చే కార్మికుల బృందాలు మెట్లు దిగినచోట సరాసరి ముప్పై ఎనిమిది సెకండ్లు ఆగుతాయి. ఇది వారి భద్రతా పద్ధతి. దీనికి తగిన స్థలం మొదటి డ్రాయింగులో కేటాయించబడింది. తర్వాత తొలగించబడింది. కావున బృంద నాయకుణ్ణి బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు."

అత్త చివరిదాకా కదలకుండా వింది. ఈశ్వరక్క బియ్యం ఏరుతూ ఏరుతూ ఆపేసింది.

"తొలగించబడడమంటే?" అంది అత్త.

"తీసేశారని."

"ఎవులు?"

నేను కాగితం వైపు చూశాను, అక్కడేదో రాసి ఉన్నట్టు.

"అంతా మేమే ఉన్నాం కదరా ఇందులో. జట్టున్నాది, దాలయ్యున్నాడు, నేనున్నాను. నువ్వేడీ?"

"నేను తీసేశానత్తా."

ముందు ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఆ స్టేషన్ దారి గీసింది నేను. మనం ఆగడానికి చోటు పెట్టింది నేను. మీరెవరో నాకు తెలీదని నలుగురిలో చెప్పి చెరిపించింది నేను. మంద అని ఎవడో అంటే నవ్వాను. మీలో నేనొకణ్ణని తెలిసిపోతుందని సిగ్గేసింది.

ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. గొంతు మామూలుగానే ఉంది. దానికే ఎక్కువ అసహ్యమేసింది.

అత్త ముఖం పైకప్పు రేకుల వైపు తిప్పుకుంది. "మీ నాన్నంటే సిగ్గేటిరా నీకు" అంది. అడిగినట్టు కాదు. ఆ తర్వాత మొన్న నేను రాసిన కాగితం పంపేశావా అని అడిగింది. సంచిలోంచి తీసిచ్చాను. తప్పు మాదే అని ఎక్కడ రాశావో చూపించమంది. వేలు పెట్టి చూపించాను. "అది కొట్టీ" అంది. కొట్టేశాను. "ఆ పిల్లకి దణ్ణం మాత్రం ఉంచు."

తలెత్తితే గుమ్మంలో బావ ఉన్నాడు. కాళ్ళకి మడి బురద. ఎంతసేపట్నుంచి ఉన్నాడో. నేను లేచి నిలబడ్డాను. ఆయన తిరిగి వెళ్ళి నూతి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. కడుక్కుంటూనే ఉన్నాడు. నేను బయల్దేరి ఆయన పక్కనుంచి వెళ్ళేటప్పుడు కూడా తలెత్తలేదు.

14 జూలై, సోమవారం

పొద్దున్నే లాడ్జి పక్కన నెట్ సెంటర్లో కూర్చుని ఉత్తరం మార్చాను. నాలుగు పేజీల కొలతలు అలాగే ఉంచాను. మొదట్లో ఇవి చేర్చాను:

"ఆ స్థలాన్ని తీసేయమన్నది నేను. మా నాన్న గంగులు కూలి జట్టుకి మేస్త్రీ. చిన్నప్పుడు ఆ జట్టులో నేనూ మూట పట్టుకుని నడిచాను. మెట్లు దిగి వీళ్ళు ఎందుకు ఆగుతారో నాకు తెలుసు. అడిగినప్పుడు తెలీదని చెప్పాను. నాతో పనిచేసే కుర్రవాళ్ళకి ఈ విషయం తెలిసే అవకాశం లేదు."

తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకి పంపాను. ఒక కాపీ మురళీమోహన్ గారికి. పది లోపల ఆయన నుంచి ఏడు ఫోన్లు. ఎనిమిదోది ఎత్తాను. "నీకేమైనా పిచ్చా?" అన్నారు. "సంతకం పెట్టమన్నారుగా సార్, పెట్టాను" అన్నాను. ఆఫీసుకి రావద్దని, ఎంక్వైరీ అయ్యేదాకా సెలవులో ఉన్నట్టే అనుకోమని చెప్పారు. ఆయన్ని తప్పు పట్టను.

సాయంత్రం బండికి ఊరెళ్ళాను. బావ వసారాలో గోనెసంచి మూతి కుడుతున్నాడు. రేపు సాయంత్రం బండికి బావ, సాక్ష్యం చెప్పడానికి జట్టులోంచి ఇంకో పదిమంది వెళ్తున్నారు. అత్త నిద్రపోతోంది. నేను చెప్పులు విప్పి మెట్టు మీదే నిలబడ్డాను.

"ఉత్తరం పంపించాను బావా. పదిహేడున నేనూ వచ్చి అందరి ముందూ చెబుతాను."

"రా. సెప్పాలి కదా."

దబ్బనం గుచ్చుతూ తీస్తూ ఉన్నాడు. ఇంకేమన్నా అంటాడేమోనని చూశాను. తిట్టినా బాగుండేది. కొట్టినా.

"రేపు మీతోనే ఎక్కుతాను. జనరల్ పెట్టెలో."

అప్పుడు తలెత్తాడు. కోపం లేదు ముఖంలో. అలసట ఉంది. ఇంట్లో పరాయి మనిషి భోజనానికి మొహమాటపడుతుంటే చూసే చూపు ఉంది.

"వద్దురా రమేసూ. నువ్వు వేరే పెట్టిలో రా. మాతో కూకోడం నీకు సిగ్గు కదా, ఇబ్బంది పడకు."

కాదు బావా అని నోటిదాకా వచ్చింది. ఇవాళ ఆ మాట నిజమే. కానీ ఐదు రోజుల కిందట, టేపు చెరో కొస పట్టుకున్నప్పుడు, ఇంతే తేలిగ్గా ఈ మనిషితోనే లేదు అన్నాను.

సరే బావా అన్నాను. ఆయన దారం తెంపి సంచి గోడకి ఆనించాడు.